ఆరు భాగాల బ్రిటిష్ సీరియల్

అరసవల్లిలో మా టీవీ ఎదుటి పడక కుర్చీ నా సింహాసనం. దేవుడి దర్శనానికని భోగాపురం నుంచి వచ్చిన మా ఆవిడ అన్నయ్య దాన్ని ఆక్రమించేశాడు.

"ఒక్క సీరియల్ సూసేసి ఎలిపోతాను బావా."

తెలివిగా తెలుగు డబ్బింగుతో ఓ బ్రిటిష్ డిటెక్టివ్ సీరియల్ పెట్టాను. ఆ మహానుభావులు ఆరంటే ఆరు భాగాల్లో హంతకుణ్ణి పట్టేసి, టీ తాగి లేచి వెళ్ళిపోతారు. ఆరోది అవగానే ఆయన ఏనుగంత సంచిని గుమ్మం దాకా నేనే మోశాను.

అప్పుడే ఫోన్ చూస్తూ వచ్చింది మా ఆవిడ. "అన్నియ్యా, ఇదే కతని అమెరికావోళ్లు మల్లీ తీసినారట. పది సీజన్లంట. సూస్తావేటి?"

ఆయన వేసుకున్న చెప్పులు విప్పేశాడు. "బావా, ఆ సంచి లోపలెట్టీ."

బ్రిటిష్ వాళ్ళ కథ అమెరికా వాళ్ళకి అంతగా ఎందుకు నచ్చాలో నాకు అర్థం కాలేదు. సంచి లోపల పెట్టి, పీట మీద కూర్చున్నాను.