లంక దారికి ఇద్దరు సాక్షులు

నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం. ఆ మ్యాపు కూడా కోపంలోంచే పుట్టింది.

డెబ్బైల చివర్లో ఓ ఏడాది గోదావరికి వరదొచ్చింది. నది మధ్య లంకల్లో చిక్కుకున్న జనానికి అన్నం పొట్లాలు పట్టుకెళ్ళిన పడవ ఒకటి, ఎవరిదో పాత మ్యాపు చూసుకుంటూ పోయి, మనుషుల్లేని ఇసుక దిబ్బ చుట్టూ తిరిగి తిరిగి వెనక్కి వచ్చేసింది. ఆ పక్కనే మా మేనత్త ఉండే లంక. అక్కడివాళ్ళు రెండు రోజులు కొబ్బరికాయలు కొట్టుకు తిని బతికారు. ఆ సంగతి విని నేను ఒంటికాలి మీద లేచాను. అప్పటికి రాజోలులో ఒక ఆఫీసులో ట్రేసరుగా చేస్తున్నాను. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన కాలవల్నీ లాకుల్నీ ట్రేసింగ్ గుడ్డ మీద నల్లసిరాతో దించడం నా పని. ఊళ్ళో వాళ్ళందరి కాలవలూ గీసేదాన్ని, నన్ను పెంచిన మనిషి ఇంటికి దారి ఒక్క మ్యాపులోనూ సరిగ్గా లేకపోతే నా చేతిలో కలం ఉండి ఏం లాభం అనిపించింది.

ఆదివారాలు ప్రార్థన అవగానే చెప్పులు చేత్తో పట్టుకుని గట్ల మీద పడేదాన్ని. ఏ కాలవ మీద కొబ్బరిదుంగ వేసి ఉంది, ఏ దొంక వానాకాలం మునిగిపోతుంది, ఏ రేవులో పడవ ఆగుతుంది, అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాను. ఆడపిల్ల ఒక్కతీ గట్లంట ఏం వెతుక్కుంటోందని అడిగినవాళ్ళకి, "మొన్న తప్పిపోయిన పడవని" అని చెప్పేదాన్ని. ఆరు నెలలకి బారెడు గుడ్డ మీద మా చుట్టుపక్కల నడకదారులన్నీ వచ్చాయి. వచ్చాయనే అనుకున్నాను.

దాన్ని మా వీధి చివరి గ్రంథాలయంలో గోడకి కట్టించాను. కింద ఒక పాత బిస్కెట్ల డబ్బా, దారంతో కట్టిన పెన్సిలు, పక్కన నేను రాసి అంటించిన కాగితం. "ఈ మ్యాపు ఎవరి సొత్తూ కాదు. తప్పు కనిపిస్తే చీటీ రాసి డబ్బాలో వెయ్యండి. ఆ దారిన నడిచిన ఇంకో ఇద్దరు చీటీ మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వెయ్యాలి. అలా వేస్తేనే మారుస్తాను. కాపీ కావలసినవాళ్ళు దించుకోవచ్చు, వాళ్ళ ఊళ్ళు కలుపుకోవచ్చు."

మొదటి వారం డబ్బాలో రెండు బీడీ ముక్కలు, ఒక చిరిగిన బస్సు టిక్కెట్టు దొరికాయి. రెండో వారం పోస్టుమాన్ గారి చీటీ వచ్చింది. "మీరు చూపించిన దుంగ కుళ్ళిపోయి రెండు నెలలైందండి. మిమ్మల్ని నమ్మి నేను కాలవలో పడ్డానండి. సాక్షులు నన్ను బయటికి లాగినవాళ్ళే." కింద రెండు సంతకాలు. పడీ పడీ నవ్వాను గానీ, ఆ సాయంత్రమే వెళ్ళి దుంగని బ్లేడుతో గీకేశాను. సిరా గీత ట్రేసింగ్ గుడ్డ మీంచి అలా గీకితేనే పోతుంది.

ఆ తరవాత చూడాలి సంబరం! బండారులంక నించి సైకిలు మీద చీరలమూట వేసుకుని తిరిగే ఆయన వారానికో చీటీ వేసేవాడు. ఓసారి నా దగ్గరికే వచ్చి, "ఏ ఇంటికాడ కుక్క కరుస్తాదో కూడా వేస్తే బాగుంటాదండి" అన్నాడు.

"కుక్కకి ఇద్దరు సాక్షులున్నారా?" అన్నాను.

"ఆయ్, పిక్కలు చూపించమంటారా?"

అల్లవరం నించి ఒకాయన వచ్చి కాపీ దించుకుని వెళ్ళి, ఏడాదికి మళ్ళీ వచ్చాడు. వాళ్ళ వైపు మురుగుకాలవలన్నీ దాని మీద కలిపేసుకున్నాడు. "మీ గీతల మీదే మావీ వేసుకున్నామండి. వేస్తుంటే మీవి నాలుగు తప్పులు దొరికేయండి" అన్నాడు, మహా మర్యాదగా. నాకు ఒళ్ళు మండింది, సంతోషమూ వేసింది. నాలుగూ నిజంగా తప్పులే.

ప్రపంచంలో ఎవరైనా దిద్దగలిగే మ్యాపు కంప్యూటర్లలో ఉందని, ఒకరు మార్పు చెబితే ఇంకొకరు చూసి ఒప్పుకుంటారని ఈ మధ్య ఎవరో నాకు వింతగా చెప్పారు. ఆ డబ్బా మూత తీస్తుంటే గుండె ఎలా కొట్టుకునేదో అదే గుర్తొచ్చింది. మనకి తెలియని మనిషి మన తప్పు చూసి, ఇద్దర్ని బతిమాలి సంతకాలు పెట్టించి, చీటీ మడిచి వెయ్యడం కన్నా పెద్ద ఆదరణ నాకు ఆ తరవాత ఎక్కడా దొరకలేదు. ఆ రోజుల కోసం ఇప్పటికీ మనసు పీకుతుంది.

ఆ రోజుల్లోనే ఒక తోట ఆసామి వచ్చాడు. తన కొబ్బరితోటలోంచి జనం నడిచే దొంకని మ్యాపులో పక్కకి జరపమని అడిగాడు. మ్యాపులో లేకపోతే మెల్లిగా జనం మానేస్తారని ఆయన ఆశ. సాక్షులుగా సొంత పాలేర్ల ముద్రలు తెచ్చాడు. నేను వెళ్ళి చూస్తే దొంక ఎక్కడున్నది అక్కడే ఉంది. కుదరదన్నాను. "గీసేది మీరే కదండీ, సాక్షి సంతకం కూడా మీరే పెట్టేసుకుంటే పోలా?" అన్నాడు, పేపరు చదివేవాళ్ళందరి ముందూ. నాకు కోపం నషాళానికెక్కింది. "గీసే చెయ్యి సాక్షి సంతకం పెట్టదండీ. ఎవరికైనా సరే, చచ్చినా పెట్టదు" అని గ్రంథాలయం అదిరేలా అరిచి, ఆ ముక్క కూడా గోడ కాగితం మీద ఎర్రసిరాతో రాశాను. అందరూ భేష్ అన్నారు. నేనూ పొంగిపోయాను.

ఆ నెలలోనే మా అత్త వచ్చింది.

అమ్మ పోయాక నన్ను పెంచింది మా నాన్న అక్క అయిన ఈవిడే. లంకలో పాక, చుట్టూ అరటి, వంగ. మావయ్య పోయి అప్పటికి చాలా ఏళ్ళు. పాక వెనక తోట చివర ఆయన సమాధి. ఏటేటా గోదారి లంకని కోసుకుపోతుంటే ఇరవై కుటుంబాల్లో పద్దెనిమిది గట్టు మీదికి వచ్చేశాయి. మా అత్తా, ఆ రేవులో పడవ వేసే పడవాయన కుటుంబమూ మాత్రం కదల్లేదు. ఆవిడ గ్రంథాలయంలో మ్యాపు ముందు నిలబడి, లంక ఉండే చోట వేలు పెట్టి, ఇక్కడేం రాసుందని అడిగింది. చదివి చెప్పాను, "ఇసుక" అని. నది వెడల్పు గీసేటప్పుడు ఆఫీసు కాగితం చూసి రాసేసిన ముక్క అది. లంక నాకు కంఠతా వచ్చు గదా, మళ్ళీ కొలుచుకోవడమెందుకు, తరవాత వేసుకోవచ్చులే అని ఆ ఒక్క చోటుకీ వెళ్ళలేదు, వెయ్యడమూ మర్చిపోయాను.

"మేం బతికుండగానే ఇసకంటావేంటే?" అంది. కోపంగా కాదు, నొచ్చుకుని. "రేవు కాడ్నించి మనింటి మీదుగా మీ మావయ్య కాడికి దారెయ్యి. అది గోదాట్లో కలిసిపోయేలోగా నేనో సారి దీంట్లో చూసుకోవాలి."

"చీటీ రాయాలత్తా."

"నాకు రాదు గదా. నువ్వే రాయి."

ఆవిడ చెబుతుంటే నేనే రాశాను. ఆవిడ వేలిముద్ర వేసింది. ఇద్దరు సాక్షులు కావాలన్నాను. మర్నాటికి పడవాయన ముద్ర తెచ్చింది. రెండో ముద్ర ఎవరూ వెయ్యలేదు. గట్టు మీదికి వచ్చినవాళ్ళకి, లంకలో ఇంక ఎవరూ ఉండటం లేదని రాయించుకుని సర్కారువాళ్ళు ఇళ్ళస్థలాలు ఇచ్చారు. అక్కడ దారుందీ ఇళ్ళున్నాయీ అని ముద్ర వేస్తే స్థలం లాగేసుకుంటారేమోనని వాళ్ళ భయం. మా అత్త తాటిపాక దాకా కాళ్ళరిగేలా తిరిగింది. అందరూ మంచినీళ్ళిచ్చారు, వేలు మాత్రం ఇవ్వలేదు.

మూడో ఆదివారం వచ్చి నా మంచం మీద కూలబడింది. "నువ్వు నడిచేవు గదే ఆ దారంట. వెయ్యి సార్లు నడిచేవు. నిన్ను చంకనేసుకుని నేను నడిచేను. ఆ రెండోది నువ్వే పెట్టేయ్."

"గీసే చెయ్యి పెట్టకూడదత్తా. అందరి ముందూ అన్నాను. ఇప్పుడు మా అత్త కోసం పెడితే ఆ తోటాయన నా మొహాన ఉమ్మెయ్యడూ?"

"నిజమేలే" అంది. కొంగుతో మొహం తుడుచుకుని ఆఖరి పడవకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ "నిజమేలే" నన్ను వదల్లేదు. తిట్టినా బాగుండేది.

ఆ శ్రావణంలో వరద పెద్దగా ఏమీ రాలేదు. అయినా గోదారి లంకని మధ్యకి కోసేసింది. అత్తనీ పడవాయన కుటుంబాన్నీ ముందే పడవలెక్కించారు. ఒక ట్రంకుపెట్టె, చంకలో కోడిపెట్టతో అత్త మా ఇంటికి వచ్చింది. నీళ్ళు తీశాక పడవాయన వెళ్ళి చూసొచ్చాడు. పాక లేదు, తోట లేదు, సమాధి లేదు. అత్త ఏడవలేదు. రెండు వారాలు కోడితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒక సాయంత్రం ఆఫీసు నించి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో నేను రాసిన పాత చీటీ. దాని మీద కొత్తగా ఇంకో వేలిముద్ర. లంక విడిచి గట్టు మీదికి వచ్చేసిన పాత పక్కింటావిడది.

"రూలు ప్రకారం తెచ్చేనమ్మా. లంకే పోయింది, ఇంక భయమేముందని వేసేసింది. ఇప్పుడెయ్యి."

లేని దారి వెయ్యకూడదని నాకు తెలుసు. ఆ రూలు కాగితం మీద రాసి లేదు గానీ అన్నిటికన్నా ముందు రూలు అదే. అయినా ఆవిణ్ణి తీసుకుని గ్రంథాలయానికి వెళ్ళి, మ్యాపు కిందికి దించి, "ఇసుక" అన్న ముక్క గీకేశాను. సిరాతో రేవు వేశాను, దారి వేశాను, పాక వేశాను, తోట చివర చిన్న శిలువ వేశాను. సిరా ఆరాక అత్త చూపుడువేలు రేవు దగ్గర పెట్టి, దారి వెంట మెల్లిగా నడిపించుకుంటూ వెళ్ళింది. సగంలో ఆగింది.

"ఇక్కడ ఒంపు ఇటు కాదే. ఎడంకి."

నాకు గుర్తు లేదు. వెయ్యి సార్లు నడిచిన దారిలో ఒంపు ఎటు తిరుగుతుందో నాకు గుర్తు లేదు! వెళ్ళి చూసి రావడానికి ఇంక అక్కడ ఏదీ లేదు. ఆవిడ చెప్పినట్టే దిద్దాను. ఆ పూట నించి రోజూ సాయంత్రం అత్త గ్రంథాలయానికి వెళ్ళేది. చదువు రాని ముసలావిడ రోజూ ఏం చదువుతోందని అంతా వింతగా చూసేవారు. ఇంటికి వచ్చి నాతో మాట్లాడేది, తినేది. పాతకాలం కబుర్లు కూడా మళ్ళీ మొదలెట్టింది.

మూడు నెలలు అలా గడిచాయి. ఒకరోజు లంక ఉండిన చోట ఆసుపత్రి నర్సమ్మగారి పడవ ఇసకలో దిగబడిపోయింది. అవతలి లంకలో కాన్పు చెయ్యడానికి వెళ్తున్నారావిడ. మా మ్యాపు నించి కొత్తగా దించిన కాపీలో రేవు చూసి, అటుగా దగ్గరని పడవ అటు తిప్పించారు. సముద్రం పోటు వచ్చి పడవ తేలేదాకా ఎండలో కూర్చున్నారు. ఆవిడ చేరేసరికి బిడ్డ పుట్టేసింది. దేవుడి దయవల్ల తల్లీ బిడ్డా క్షేమమే. ఈ కబురు నాకన్నా ముందు రేవులో అత్త చెవిన పడింది.

మర్నాడు సాయంత్రం ఆవిడ నన్ను గ్రంథాలయానికి రమ్మంది. వెళ్ళేసరికి మ్యాపు అప్పటికే దించి బల్ల మీద పరిచి ఉంది. ఆవిడ చీటీ చాపింది. పోస్టుమాన్ గారి దస్తూరీ. "ఈ లంకలో రేవు లేదు, దారి లేదు. తీసెయ్యాలి." చెప్పినవారి చోట మా అత్త వేలిముద్ర. సాక్షులు పడవాయన, పక్కింటావిడ.

"నేను తియ్యను" అన్నాను. "కాపీలు తీసుకున్నవాళ్ళందరికీ చెప్పొస్తాను. ఇంటింటికీ తిరుగుతాను. ఇది మాత్రం తియ్యను. నీకేమైనా పిచ్చా? కాళ్ళరిగేలా తిరిగి వేయించుకున్నావు గదే!"

"చెప్పనివోళ్ళు ఒక్కళ్ళున్నా పడవ దిగబడతాది" అంది. "ఈసారి పిల్లకేమన్నా అయితే? మీ మావయ్య ఊరుకుంటాడా? ఇద్దరు సాక్షుల్ని తెచ్చేను. తీసెయ్యమ్మా."

తోట ఆసామి మీద అరిచిన నోరు ఆవిడ మీద లేవలేదు. బ్లేడు తీశాను. గుడ్డ ముడత పడితే చిరుగుతుందని అత్త రెండు చేతులతోనూ బిగించి పట్టుకుంది. రేవు తీశాను, దారి తీశాను, ఆవిడ దిద్దించిన ఒంపు తీశాను, పాక తీశాను. శిలువ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆవిడే నా మణికట్టు పట్టుకుని ముందుకి జరిపింది.

గీకిన పొడి ఊది, మ్యాపు గోడకి కట్టి, ఇంటికి వచ్చాం. ఇద్దరికీ అన్నం వడ్డించాను. ఆవిడ ముద్ద ముట్టకుండానే కంచంలో నీళ్ళు పోసేసి లేచింది. కోడిని గంప కింద పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ మర్నాటి నించి గ్రంథాలయానికి వెళ్ళలేదు.