అల్లుడుగారు ఫ్యాను ఆపమనని రోజు

మా హాల్లో మంచి కుర్చీ ఒక్కటే ఉంది. అది మా అల్లుడిది. కిటికీకి ఎదురుగా, గాలి తగిలే చోట, కాళ్ళు చాపుకోవడానికి వీలుగా వేసి ఉంటుంది. మిల్లు నుంచి వచ్చి స్నానం చేసి అందులో కూలబడ్డాడంటే ఇక ఆ మహానుభావుణ్ణి కదిపే దిక్కు లేదు. పక్కన చిన్న బల్ల మీద కొయ్య స్టాండు, దానికి తగిలించి హెడ్‌ఫోన్లు. వాటిని రెండు చేతులతో, నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తీసి తలకు పెట్టుకుంటాడు. పెళ్ళినాడు మా అమ్మాయి చెయ్యి కూడా అంత జాగ్రత్తగా పట్టుకోలేదు.

నా మంచం కూడా ఆ హాల్లోనే, అతని వీపు వెనక. మోకాళ్ళు మొరాయించాక నా ఇల్లు ఖాళీ చేసి అమ్మాయి పంచన చేరాను. ఉన్నవి రెండు గదులు, ఒకటి వాళ్ళది. కాబట్టి సాయంత్రం అతను వినేదంతా నేనూ విని తీరాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే బయటికెందుకు వినిపిస్తుందని ఎవరైనా అడిగితే, వాళ్ళకు ఈ ప్లేనార్ రకం సంగతి తెలియదన్నమాట. మామూలు వాటిలో చిన్న గరాటు లాంటిది ఆడుతుంది. వీటిలో ఉల్లిపొర కన్నా పల్చటి పొర ఉంటుంది, దాని మీద సన్నటి లోహపు గీతలు, పక్కన అయస్కాంతాలు. పొర మొత్తం ఒక్కసారే కదులుతుంది కనుక పాటలో ఒక వాయిద్యం ఇంకోదాని మీద పడదట, దేని చోటు దానికి ఉంటుందట. వీపు వైపు మూత ఉండదు, జల్లెడలా అన్నీ చిల్లులే. మూసేస్తే పాట డబ్బాలో పెట్టినట్టుంటుందట, తెరిచి ఉంచితే గదంతా పరుచుకుంటుందట. ఈ ఉపన్యాసం ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఇస్తాడు. గ్యాస్ సిలిండర్ తెచ్చినతనికి కూడా, భుజం మీద సిలిండర్ దించనివ్వకుండానే ఇచ్చాడు. ఆ చిల్లుల్లోంచి నా వాటాకు వచ్చేది మాత్రం చిటపటలూ బుసబుసలూ. తల ఉండి మొండెం లేని పాట.

చిల్లులున్నాక బయటి చప్పుడు లోపలికి కూడా పోతుంది కదా. అందుకని పాట మొదలైతే ఇంట్లో కర్ఫ్యూ. మిక్సీ వేయకూడదు, కుళాయి జోరుగా తిప్పకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, ఫ్యాను తిరగకూడదు. నా మంచం మీది ఫ్యాను పాతది. చుట్టు చుట్టుకూ సన్నగా కీచుమంటుంది. పక్క గదిలో ఉన్నా ఆ కీచు అతనికి పట్టుబడేది. "అత్తయ్యగారూ, ఫ్యాను," అనేవాడు పుల్లవిరిచినట్టు. నేను ఆపేసి చెమటలు కక్కుతూ కూర్చునేదాన్ని. నా మాటలు కూడా అడ్డమే అతనికి. మీ అమ్మ గొంతులో ట్రెబుల్, అంటే కీచుదనం, మరీ ఎక్కువ అని మా అమ్మాయితో అన్నాడట. అది పనిగట్టుకుని నాకు చెప్పిందంటే దాని తెలివి కూడా అంతంతమాత్రమే.

నేను మాత్రం చెవులకు తగిలించుకోనిదాన్నా? టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరి ఆ కుర్చీలోంచే రిటైరయ్యాను. తల మీద ఇనప బద్ద, చెవి మీద నల్ల డిప్ప. జీతం కోసం పెట్టుకున్నాను గానీ ముచ్చటపడి కాదు. గంట కొట్టగానే తీసి కొక్కేనికి తగిలించి, మళ్ళీ వాటి మొహం చూసేదాన్ని కాదు. ఆ పనిలో నాకు అబ్బిన విద్య ఒకటుంది. అవతలి మనిషికి మాట అందకపోయినా అందినట్టు నటిస్తే ఇట్టే తెలిసిపోతుంది. "ఊఁ" అనేది రవ్వంత ఆలస్యంగా వస్తుంది. ఇదా అదా అని అడిగినా "ఊఁ" అనే వస్తుంది. మళ్ళీ చెప్పండి అని అడగడానికి మనుషులకు ఎందుకో అంత నామోషీ.

అల్లుడు పనిచేసేది బట్టల మిల్లులో, మగ్గాల షెడ్డులో ఫిట్టరు. ఒకసారి అన్నం డబ్బా మరిచిపోతే ఇవ్వడానికి వెళ్ళాను. గేటు దగ్గరే ఆ మోతకు గుండె దడదడలాడింది. షెడ్డులో అడుగుపెడితే ఎదుటి మనిషి నోరు కదలడం కనిపిస్తుంది, మాట వినపడదు. అందరికీ చెవులు కప్పుకోవడానికి డిప్పలిచ్చారు, అందరూ పెట్టుకున్నారు. మా అల్లుడివి గోడ మేకుకు దుమ్ము పట్టి వేలాడుతున్నాయి. చెవులు మూసుకుంటే మగ్గం ఏం మొత్తుకుంటోందో ఎలా తెలుస్తుందని అతని వాదన. అన్ని మగ్గాల రొదలో ఒక్క మగ్గం తేడాగా ఆడినా, నడుచుకుంటూ పోయి సరిగ్గా దాని ముందు ఆగుతాడట. అందుకే అక్కడ అతన్ని డాక్టరంటారు. ఇంట్లో నా ఫ్యానుకు ఓర్చుకోలేని సుకుమారపు చెవులు అక్కడ మాత్రం బార్లా తెరిచి ఉంటాయి. మేకుకు వేలాడే ఆ డిప్పల గురించి ఆరోజే అడిగాను. మీకు తెలియదులెండి అన్నాడు. తెలియనిదాన్ని నాకెందుకని ఊరుకున్నాను.

ఈ ఎండాకాలంలో ఒకరోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండకు సగం, అతని వాలకానికి సగం. అతను కళ్ళు మూసుకుని పాటలో మునిగి ఉండగా లేచి ఫ్యాను వేశాను. కయ్యానికే వేశాను, దాపరికమెందుకు. అనబోయే నాలుగు మాటలు కూడా నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. ఫ్యాను కీచు కీచుమని తిరిగింది. అతను కళ్ళు తెరవలేదు. మర్నాడు ఇంకాస్త జోరు పెంచాను. కిక్కురుమనలేదు. ఆ వారం గడిచేసరికి రెగ్యులేటరు చివరిదాకా తిప్పేశాను. కిటికీ గాలి మొహానికి తగులుతుంది కనుక వెనకాల ఫ్యాను గాలి అతనికి వేరుగా తెలిసినట్టు లేదు. నాకు మీసం లేదు గానీ, ఉంటే మెలేసేదాన్నే. అల్లుడు దారికొచ్చాడని పక్క ఫ్లాటావిడతో గొప్పలు కూడా పోయాను. ఈ మధ్య నేను దెప్పినా అతను అగ్గి మీద గుగ్గిలం కావడం లేదు. ఏమన్నా "ఊఁ" అంటున్నాడు. వయసుతో బుద్ధి వచ్చిందనుకున్నాను.

అదే రోజుల్లో అతనికి ఇంకో దిగులు పట్టుకుంది. ఓవర్‌టైములు చేసి, పాతవి అమ్మి, కొత్త హెడ్‌ఫోన్లు కొన్నాడు. ఇంతకన్నా మంచివి ఇక లేవన్నాడు. నెల తిరక్కుండానే మొహం వేలాడేశాడు. పాటకు ముసుగేసినట్టుందట, పైస్వరాలు మొద్దుబారాయట. అతను పరీక్షకు పెట్టుకునే పాట ఒకటుంది. దాని చివర అన్ని వాయిద్యాలూ ఆగిపోయాక చిన్న గంట రెండుసార్లు మోగుతుంది. మొదటి హెడ్‌ఫోన్లలో ఆ గంట గుండెలో మోగేదట, తర్వాతి వాటిలో పల్చబడిందట, వీటిలో అసలు లేదట. వైర్లు మార్చాడు, చెవి మెత్తలు మార్చాడు, ఆంప్లిఫయరు మార్చాడు. తోచినప్పుడల్లా వాల్యూమ్ పెంచాడు. ఒకప్పుడు నా దాకా బుసబుసే వచ్చేది, ఇప్పుడు మంచంలో పడుకుని పాట మాటలు అప్పజెప్పగలను. చివరికి వీటినీ అమ్మేస్తానని ఇంటర్నెట్లో పెట్టాడు.

ఒక సాయంత్రం హెడ్‌ఫోన్లు తలకెక్కించకముందే, వెనక నుంచి, కాఫీయా టీయా అని అడిగాను. "ఊఁ," అన్నాడు. రవ్వంత ఆలస్యంగా.

ఆ "ఊఁ" నేను ఎక్స్ఛేంజీలో వేలసార్లు విన్నదే. తలెత్తి ఫ్యాను వైపు చూశాను. గొంతు చించుకుని తిరుగుతోంది. అప్పుడు అన్నీ ఒక్కసారి కలిశాయి. అతను దారికి రాలేదు. ఫ్యాను అతనికి వినపడటం లేదు, నా గొంతు వినపడటం లేదు, పాట చివరి గంట వినపడటం లేదు. గెలిచానని నేను ఊరేగిన యుద్ధం అసలు జరగనే లేదు. హెడ్‌ఫోన్లలో ఏ లోపమూ లేదు. అమ్మినవాటిలోనూ ఉండి ఉండదు. ఆ షెడ్డు అతని చెవులు కొంచెం కొంచెంగా కొరుక్కు తింటోంది, మిగిలిన దాన్ని ఈ వాల్యూమ్ తింటోంది, ఈయన మాత్రం ఉల్లిపొర మీద నేరం మోపి ఇంకో ఉల్లిపొర కోసం వెతుకుతున్నాడు. నాకు భయం వేసింది. అతనంటే నాకు పడదు, ఆ మాట ఇప్పుడూ అంటాను. కానీ చెవులే అతని ఉద్యోగం, చెవులే అతని సరదా. ఈ దారినే పోతే రెండూ పోతాయి.

అమ్మాయికి చెప్పాను. ఇంతెత్తున లేచింది.

"ఆయనంటే నీకు మొదట్నుంచీ పడదమ్మా. ఇప్పుడు చెవిటివాణ్ణి కూడా చేస్తున్నావా?"

దానికి తెలియకపోవడంలో వింత లేదు. అతనికి అందనివి సన్నటి చప్పుళ్ళే. దాని గొంతు బొంగురు, బాగానే అందుతుంది. పైగా మొగుణ్ణి ప్రేమగా చూసేది ఇవన్నీ పట్టించుకోదు. తప్పు ఎక్కడ దొరుకుతుందా అని రోజంతా కాపలా కాసేదాన్ని కనుక నాకు దొరికింది. కాపలా కాసేదాని మాట ఎవరూ నమ్మరు. ఇక అతనితో నేరుగా చెప్పడమా? నేను మంచినీళ్ళిచ్చినా అందులో ఏం కలిపానా అని చూసే మనిషి.

ఆదివారం కొనేవాడు వచ్చాడు. కళ్ళజోళ్ళ షాపాయన, నెమ్మదస్తుడు. అల్లుడు కుర్చీ అతనికిచ్చి తను స్టూలు మీద కూర్చున్నాడు. దాచకుండా లోపం ముందే చెప్పాడు, అంతవరకు పెద్దమనిషే. ఆ పరీక్ష పాట పెట్టాడు. కళ్ళజోళ్ళాయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. తీసి, ముసుగేం లేదండీ, చివర్లో గంట చాలా బాగుంది అన్నాడు. అల్లుడు నవ్వి, మొహమాటానికి చెప్పొద్దన్నాడు. ఆయన తెల్లమొహం వేసి మళ్ళీ విన్నాడు, మళ్ళీ అదే మాట. అల్లుడు లాక్కుని తను విన్నాడు. వాల్యూమ్ పెంచి మళ్ళీ విన్నాడు. మా అమ్మాయిని పిలిచి వినమన్నాడు. అది అతని మొహం చూసి, నాకివేం తెలుస్తాయండీ అని నీళ్ళు నమిలింది.

అప్పుడు నా వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో ఆ హెడ్‌ఫోన్ల మీద నన్ను దుమ్ము కూడా తుడవనివ్వని మనిషి వాటిని తెచ్చి నా ముందు పట్టుకున్నాడు.

"మీరు వినండి అత్తయ్యగారూ. నా కోసం అబద్ధం చెప్పాల్సిన అవసరం మీకొక్కరికే లేదు."

పెట్టుకున్నాను. బరువుగా ఉన్నాయి, మెత్తలు ఇంకా అతని చెవుల వేడితో ఉన్నాయి. పాట మొదలైంది. ఒప్పుకోవడానికి నోరు రావడం లేదు గానీ, అలాంటిది నేను ఎన్నడూ వినలేదు. పాట నా చెవుల్లో లేదు, మా హాల్లో ఉంది. డోలు అక్కడ బీరువా దగ్గర, తంబుర కిటికీ దగ్గర, పాడే ఆవిడ ఊపిరి తీసుకుంటే నా ముందు తీసుకున్నట్టు. ఇన్నాళ్ళూ మొండెం లేని పాటను నా మొహాన పడేసి ఇతను విన్నది ఇదా అని కడుపు మండింది. ఆ వెంటనే, ఇతను ఇప్పుడు ఇది వినడం లేదు కదా అని గుర్తొచ్చింది. వాయిద్యాలన్నీ ఆగాయి. గంట మోగింది. ఆగి మళ్ళీ మోగింది, సన్నగా సాగి సాగి ఆగిపోయింది.

గంట లేదని చెప్పేస్తే ఆ పూటకు అందరికీ హాయి. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఉంది," అన్నాను, అతని మొహంలోకి చూస్తూ, గట్టిగా. "రెండుసార్లూ మోగింది. ఫ్యాను కూడా తిరుగుతోంది అల్లుడుగారూ. చాలా రోజులనుంచి తిరుగుతోంది."

అతను తలెత్తి నా మంచం మీది ఫ్యాను వైపు చూశాడు. అలా చూస్తూనే ఉండిపోయాడు. కళ్ళజోళ్ళాయనకు ఏమర్థమైందో, మళ్ళీ వస్తానని చెప్పులేసుకున్నాడు. అమ్మాయి గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కీచుమంటోందా?" అని అడిగాడు అల్లుడు.

"మొత్తుకుంటోంది," అన్నాను.

స్విచ్చి ఆపి, స్టూలెక్కి, రెక్కను నెమ్మదిగా తిప్పాడు. రెండో అరచెయ్యి ఫ్యాను బొడ్డు మీద ఆనించి, మగ్గం మీద ఆనించినట్టే కాబోలు, అదురు ఎక్కడుందో వెతికాడు. దొరికింది. మరలు బిగించి, నూనె చుక్కలు వేసి, దిగి మళ్ళీ స్విచ్చి వేశాడు. వేసి నా మొహం వైపు చూశాడు.

చెవులు రిక్కించాను. గాలి తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు నాకూ వినపడటం లేదు," అన్నాను.

అతని నవ్వు చూస్తే ఏడుపుకన్నా అన్యాయంగా ఉంది. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. తల తిప్పేసుకుని, గోడతో చెప్పినట్టు, రేపు ఆ డిప్పలు తగిలించుకోకుండా షెడ్డులో కాలు పెడితే నేనే వచ్చి మేకులు కొట్టి బిగిస్తానన్నాను, ముందు చెవుల డాక్టరు దగ్గరికి పదమన్నాను. "ఊఁ" కోసం ఎదురుచూశాను. రాలేదు. అతను స్టూలు జరుపుకుని నా మంచం పక్కకు వచ్చి, నా మొహం కనిపించేలా కూర్చున్నాడు.

"నాకు వినపడలేదు అత్తయ్యగారూ," అన్నాడు. "మళ్ళీ చెప్పండి."