అరగంట గడువు

మెట్‌పల్లి దాటి కోరుట్లకు వస్తుంటే బర్రెల మంద అడ్డం వచ్చి మా బస్సు ఒక బడి ప్రహరీ పక్కన ఆగింది. నేను వెనక సీట్ల దగ్గర టికెట్లు ఇస్తున్నాను. కిటికీలోంచి ఒక చప్పుడు వినిపించింది. బిగుతుగా అల్లిన బ్యాటు మీద పసుపుపచ్చ ఉన్ని బంతి పడితే వచ్చే చప్పుడు. క్రికెట్ బ్యాటులా గట్టిగా ఉండదు, షటిల్‌లా పలచగానూ ఉండదు. డప్పు అంచును వేలితో తట్టినట్టు ఉంటుంది. గోడ అవతల ఎవరో బాల్ బ్యాడ్మింటన్ ఆడుతున్నారు. నేను టికెట్ ఇవ్వడం మరిచిపోయి కిటికీ వైపు వంగాను. బర్రెలు కదిలాయి. డ్రైవర్ అద్దంలోంచి చూసి, “ఏంది శ్రీనన్నా, దిగుతవా?” అన్నాడు. “లేదు, పోనియ్” అన్నాను కానీ, జగిత్యాల చేరేదాకా సీట్లో కూర్చోలేకపోయాను. రూతమ్మ మేడం గుర్తొస్తే నాకు ఎప్పుడూ ఇంతే. తమకు దారి చూపినవాళ్లు తలపుకొస్తే మనసు చల్లబడుతుందని చాలామంది అంటారు. ఆమె తలపుకొస్తే నాకు కాలు నిలవదు.

ఆమె కోరుట్లలో ఒక బడిలో ఆటల టీచరు. పొట్టి మనిషి, నలుపు, మెడలో ఎప్పుడూ ఒక విజిల్. భర్త మస్కట్‌లో ఉండేవాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఈ మూడు ఊళ్ల మధ్య మగవాళ్ల బాల్ బ్యాడ్మింటన్ లీగ్‌ను ఏళ్ల తరబడి నడిపింది ఆమే. ఊరికి ఒక జట్టు, జట్టుకు ఐదుగురు ఆటగాళ్లు. ప్రతి జట్టూ మిగతా రెండింటితో, ఒకసారి తన ఊళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో ఆడాలి. మేమంతా పగలు ఏవో పనులు చేసుకునేవాళ్లం. ఆదివారం వస్తే బ్యాట్లు పట్టుకునేవాళ్లం. ఒక ఆడమనిషి మగవాళ్ల పోటీ నడపడమేమిటని మొదట్లో గొణిగినవాళ్లు ఉన్నారట. ఆమె వాళ్లతో వాదించలేదు. ఇరవై రెండు నియమాలు రాసి, టైపు చేయించి, ముగ్గురు కెప్టెన్లకూ ఇచ్చిందట. ఏ ఊళ్లు ఆడుతున్నాయో ఆ ఊళ్లవాళ్లు కాకుండా మూడో ఊరి మనిషే అంపైర్‌గా ఉండాలి. వచ్చిన జట్టు తిన్నాకే ఆ ఊరి జట్టు తినాలి. అభ్యంతరం ఉంటే ఓడిన జట్టు కెప్టెన్ ఒక్కడే, ఆ రోజే, కాగితం మీద రాసివ్వాలి. ఇలాంటివే అన్నీ. ఆట ఎలా ఆడాలో అందరికీ తెలుసు. మనుషులు ఎలా మసలుకోవాలో చెప్పేవి ఆ ఇరవై రెండు.

నేను బస్సు కండక్టర్‌గా కొత్తగా చేరిన రోజుల్లో జగిత్యాల జట్టులోకి వచ్చాను. నా రెండో మ్యాచ్ సిరిసిల్లతో. అంపైర్ ఆమే. నేను కొట్టిన బంతి గీత మీద పడిందని నేను, బయట పడిందని ఆమె. నేను నెట్ దాకా వెళ్లి అరిచాను. ఆమె కుర్చీలోంచి కదలలేదు.

“నువ్వు కెప్టెన్‌వా?”

“కాదు.”

“మరి కెప్టెన్‌ను పంపు. నువ్వు పోయి నీ జాగల నిలబడు.”

ఆ మ్యాచ్ ఓడిపోయాం. ఆమె మీద ఇంత కోపం పెట్టుకుని వెళ్లిపోతుంటే వెనక నుంచి పిలిచింది. “వచ్చే ఆదివారం కోరుట్లకు సిరిసిల్లకు ఆట ఉంది. నువ్వే అంపైర్. అచ్చి గీ కుర్చీల కూసో, తెలుస్తది” అంది. వెళ్లి కూర్చున్నాను. గీత దగ్గర పడ్డ ప్రతి బంతికీ పదిమంది నా ముఖం వైపు చూశారు. మూడో గేమ్ అయ్యేసరికి చొక్కా తడిసి ముద్దయింది. దిగాక నాకు మంచినీళ్ల గ్లాసు ఇచ్చి, “ఎట్లుంది?” అని మాత్రం అడిగింది.

మ్యాచ్ రోజుల్లో సున్నంతో గీతలు గీసే పని ఆమె ఇంకెవరికీ ఇచ్చేది కాదు. ఒకసారి నేను తాడు పట్టుకుని ఆమెతో పాటు కోర్టు చుట్టూ తిరుగుతూ అడిగాను, ఆడేది మనమే కదా, ఇన్ని నియమాలెందుకని. వంగిన మనిషి వంగినట్టే జవాబిచ్చింది. పెగడపల్లి దగ్గర ఆమె ఊరు. తల్లిదండ్రులు ఇతరుల పొలాల్లో కూలికి పోయేవాళ్లు. “చిన్నప్పుడు దొరగారి పిల్లలతోని ఆడుతుంటి. నేను ఓడితే ఆట అయిపోయినట్టు. నేను గెలిస్తే, ఇది లెక్కల లేదు, మల్ల ఆడాలె అనెటోళ్లు. ఏడ్సుకుంట పోయి చెప్తే మా అమ్మ ఏమంటది? ఆళ్లతోని నీకేం పంచాయితి అనేది. హాస్టల్‌కు పోయినంక ఆట పుస్తకం చూసిన. నియమం రాసి ఉంటే మార్చనీకె రాదని గప్పుడు ఎరుకైంది.” అలా చెప్పి, గీత వంకర పోయిందని నన్నే తిట్టి, మళ్లీ గీసింది.

తరువాత నేను కెప్టెన్‌నయ్యాను. ఆ ఏడాదే తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, ఆఫీసులు బోసిపోయాయి. రోడ్ల మీద వంటలు, రోడ్ల మీద ఆటపాటలు. డిపో ముందు టెంటు వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాళ్లం. మేడం కూడా సమ్మెలోనే ఉంది. కోరుట్లలో టీచర్ల టెంటులో విజిల్‌తో సహా కూర్చునేదని చెప్పుకునేవాళ్లు. ఆ రోజుల్లో ఏదీ తేలేది కాదు. ఇవాళ ప్రకటన వస్తుందనేవారు, వచ్చేది కాదు. ఢిల్లీలో ఏదో జరుగుతోందనేవారు, ఏమీ జరిగేది కాదు. టీవీ ముందు నిలబడి నిలబడి కళ్లు మండేవి. ఇంట్లో ఉండబుద్ధయ్యేది కాదు, టెంటులో కూర్చోబుద్ధయ్యేది కాదు. ఏదో ఒకటి తేలాలి, ఎక్కడో ఒకచోట గెలవాలి అన్న ఆత్రం ఒంట్లో పురుగులా తొలిచేది.

లీగ్‌లో ఆఖరి మ్యాచ్ సమ్మె మధ్యలో పడింది. మా ఊళ్లో, సిరిసిల్లతో, సాయంత్రం నాలుగింటికి. ఎవరు గెలిస్తే వాళ్లదే కప్పు. మేం అంతకు ముందు ఎన్నడూ ఆ కప్పు గెలవలేదు. వాయిదా వేద్దామా అని మేడం ఇద్దరు కెప్టెన్లనూ అడిగింది. ఎట్లనో అట్ల వస్తాం అన్నాడు సిరిసిల్ల కెప్టెన్ సత్యం. అతను మరమగ్గం నడిపేవాడు. జట్టంతా అలాంటివాళ్లే. ఇక ఏడో నియమం. రావాల్సిన జట్టు కోసం అరగంట ఆగాలి. ఆలస్యమవుతుందని కబురు అందితే ఇంకో గంట ఆగాలి. కబురు లేకపోతే ఎదుటి జట్టు గెలిచినట్టు.

మూడున్నరకు నా ఫోన్ మోగింది. సత్యం. “శ్రీనన్నా, బస్సులు లెవ్వు గదా, మోటార్ సైకిళ్ల మీద బయలెల్లినం. తొవ్వల రాస్తారోకో, పోనిస్తలేరు. జెర లేటయితది, మేడంకు చెప్పు. ఆమె ఫోన్ కలుస్తలేదు” అన్నాడు. సరే అన్నాను. అప్పుడే మేడం స్కూటీ గ్రౌండ్‌లోకి వచ్చింది. చెబుదామని నాలుగడుగులు వేశాను కూడా. నెట్ సరిగా కట్టలేదని ఎవరో పిలిస్తే అటు వెళ్లాను. నెట్ కట్టాక చెప్పొచ్చు. చెప్పలేదు. నాలుగైంది. మేడం గడియారం చూసుకుంది. “సత్యం ఏమన్న ఫోన్ చేసిండా?” అని అందరినీ అడిగింది. మావాళ్లు లేదన్నారు. వాళ్లకు నిజంగానే తెలియదు. నేను వంగి బూటు లేసులు కట్టుకుంటున్నాను. అవి కట్టే ఉన్నాయి.

నాలుగున్నరకు నేనే వెళ్లి, “మేడం, ఏడో నియమం” అన్నాను. ఆమె నావైపు ఒకసారి చూసి కాగితం తీసింది. జగిత్యాల గెలిచినట్టు రాసింది. నేను సంతకం చేశాను. మావాళ్లు ఎగిరారు. గంగాధర్ అనే మా ఆటగాడు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. నేనూ నవ్వాను.

ఐదుంబావుకు వాళ్లు వచ్చారు. ఆగిన ట్రాక్టర్ల పక్క నుంచి, పొలాల గట్ల మీద నుంచి బండ్లు నెట్టుకుంటూ వచ్చారట. మోకాళ్ల దాకా బురద. ఒకతని చెప్పు తెగితే వట్టికాళ్లతోనే ఉన్నాడు. సత్యం దిగుతూనే, “లేటయింది మేడం. శ్రీనన్నకు ఫోన్ జేసి చెప్పినం గదా” అన్నాడు.

మేడం నావైపు చూడలేదు. అదే నాకు ఎక్కువ బాధ. సత్యానికి కాగితం చూపించి, ఖాళీ కాగితం ఇంకొకటి ఇచ్చి, “అభ్యంతరం రాయి. నీకు హక్కుంది” అంది. సత్యం రెండు కాగితాలనూ చూశాడు. నన్ను చూశాడు. “అద్దు మేడం. ఫిర్యాదు రాసి గెలుసుడు మాకద్దు” అని గెలుపు కాగితం మీద సంతకం పెట్టేశాడు. నీళ్లు తాగారు. మేం వండించిన అన్నం మాత్రం ముట్టలేదు. చీకటి పడకముందే తొవ్వ పట్టాలని బండ్లు తిప్పుకున్నారు.

వాళ్లు వెళ్లాక ఆమె స్కూటీ తాళం చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. “బస్సు బంద్ పెట్టింది నువ్వే. బస్సు రాలేదని గెలిచింది నువ్వే. సమ్మె తప్పు గాదు శ్రీనూ, నేను గుడ సమ్మెలనే ఉన్న. గని సమ్మె చేసినోడు దాని బరువు మోయాలె. దాని మీదికెల్లి లాభం తీసుకుంటరా?” అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

మర్నాడు టెంటులో కూర్చున్నాను. నినాదం ఇమ్మని మైకు ఇస్తే పక్కవాడికి అందించాను. మూడు రోజులు ఓర్చుకుని, నాలుగో రోజు సైకిల్ మీద కోరుట్ల వెళ్లాను. ఆమె ఇంటి ముందు బియ్యంలో రాళ్లు ఏరుతోంది. “నా గెలుపు కొట్టెయ్యిండ్రి మేడం” అన్నాను.

“ఎట్ల కొట్టేస్త? అభ్యంతరం రాసే హక్కు ఓడినోనిది. ఆడు రాయలే. గడువు గుడ అయిపాయె. నువ్వు పరేషానైతున్నవని మారుస్తే, రేపు ఇంకొకడు అచ్చి ఇంకొకటి మార్పిస్తడు.”

“మరి నేనేం జెయ్యాలె?”

ఆమె చేట పక్కన పెట్టింది. “అది నన్ను అడుగుతున్నవా? ఆ ఇరవై రెండిట్ల వెతుకుతవా? ఒకని చేత ఇంకొకడు మోసపోవద్దని రాసిన నేను. నిన్ను మంచోన్ని చేసే నియమం నాకు రాయరాదు. అది నువ్వే చూసుకోవాలె.” తరువాత లోపలికి వెళ్లి చాయ్ తెచ్చిచ్చింది. ఆ విషయం ఇక ఎత్తలేదు.

తిరిగి వచ్చి మా జట్టును పిలిచి ఫోన్ సంగతి చెప్పేశాను. సమ్మె అయ్యాక సిరిసిల్ల వెళ్లి వాళ్లతో ఆడదాం అన్నాను. గంగాధర్‌కు కోపం నషాళానికి అంటింది. “మాకెందుకు చెప్పినవు? నీ కడుపుల పెట్టుకోకపోతివి! ఒక్కసారి గెల్చినం, గది గుడ ఉంచవా?” అన్నాడు. అతనూ, ఇంకొకతనూ ఆ రోజే జట్టు వదిలేశారు. గంగాధర్ ఇప్పటికీ బస్టాండులో ఎదురైతే పక్కకు తిరుగుతాడు. బస్సులు నడవడం మొదలయ్యాక, మిగిలినవాళ్లం ఇద్దరు కొత్తవాళ్లను కలుపుకుని సిరిసిల్ల వెళ్లాం. అందరి ముందూ తప్పు ఒప్పుకుని, కప్పు ముందు పెట్టాను. సత్యం దాన్ని ముట్టుకోలేదు. “ఇది మాకద్దు. ఆడనీకె అచ్చిన్రా? అయితే రాండ్రి” అన్నాడు. అంపైర్ కుర్చీలో మేడం కూర్చుంది. రెండు గేములూ వరసగా ఓడిపోయాం. ఇది లీగ్ మ్యాచ్ కాదని ఆమె స్కోరు రికార్డులో ఎక్కించలేదు. రికార్డులో ఆ ఏడాది గెలిచింది జగిత్యాలే. కప్పు మీద ఉన్నదీ మా పేరే. చెరిపేస్తానంటే మేడం ఒప్పుకోలేదు.

ఆ తరువాత కెప్టెన్ల సమావేశంలో, బంద్ రోజున రావాల్సిన జట్టు వచ్చేదాకా ఆగాలని నేను ప్రతిపాదించాను. వద్దన్నవాడు సత్యమే. “ఎండల నిలవడేటోళ్లు మనుషులు గారా? ఎంతసేపు ఆగుతరు? వచ్చే ఆదివారానికి జరుపుండ్రి, అయిపాయె” అన్నాడు. అదే ఇరవై మూడో నియమమైంది. మేడం చేతిరాతతో రాసింది.

రాష్ట్రం వచ్చింది. పిల్లలు క్రికెట్‌కు మళ్లారు, కొందరు గల్ఫ్‌కు వెళ్లారు. లీగ్ పలచబడి, ఒక ఏడాది జరగనే లేదు. మేడం రిటైరైన కొన్నాళ్లకు జబ్బు చేసి పోయింది. సమాధుల దగ్గర సత్యం, నేను పక్కపక్కన నిలబడ్డాం. ఆ రోజు ఏదైనా అంటాడేమో అనుకున్నాను. మట్టి వేసేటప్పుడు నాకు చోటిచ్చి పక్కకు జరిగాడు.

ఈ మధ్య మళ్లీ సమ్మె మాట వచ్చింది. యూనియన్ మీటింగులో నేనూ చెయ్యెత్తాను. మేం అడిగేది న్యాయమేనన్న దానిలో నాకు అనుమానం లేదు. కానీ సమ్మెకు ముందు రోజు, నా ఆఖరి ట్రిప్పులో, ఒక్కో సీటు దగ్గరికీ వెళ్లి నా నోటితోనే చెప్పాను, రేపటి నుంచి బస్సులు ఉండవని, ఆపుతున్నవాళ్లలో నేనూ ఒకణ్నని. కొందరు తిట్టారు. కొందరు మంచిదే అన్నారు. మల్లాపూర్ ముసలామె ఒకామె ఆస్పత్రి చీటీ మడిచి కొంగున కట్టుకుని ఉంది. రేపు కాక ఎల్లుండి కరీంనగర్‌లో సూది వేయించుకోవాలట.

“మరి నేనెట్ల పోవాలె కొడుకా?” అని అడిగింది.

తరువాతి సీటుకు వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. ఆమె పక్కన కూర్చుని, వాళ్ల ఊళ్లో బండి ఉన్నవాళ్లెవరని ఒక్కొక్కరి పేరే అడగడం మొదలుపెట్టాను.