హమీదాబీ జల్లెడ

నంద్యాల హమీదాబీ మొన్నటిదాకా సముద్రాన్ని చూడనేలేదు. అయినా పదేళ్లుగా, జనం టీవీ పక్కన పెట్టుకునేందుకు, సీసాల్లో సముద్రపు ఒడ్డు తయారుచేసి ఇస్తోంది. కుందూ నది ఇసుకను జల్లించి, బియ్యంలా మూడు నీళ్లు కడిగి ఆరబెడుతుంది. వెడల్పు మూతి సీసాలో దాన్ని పోసి, వెలుగోడు జలాశయం దగ్గర ఏరిన నత్తగుల్లలు పేర్చి, చిటికెనవేలితో అలల గీతలు దిద్దుతుంది. ఒక్క మట్టిబెడ్డ కనిపించినా సీసా మొత్తం కుమ్మరించి మళ్లీ మొదలుపెడుతుంది.

మొన్న భర్త ఖలందర్ ఆమెను చీరాల తీసుకెళ్లాడు. ఆమె అలలకు వీపు పెట్టి కూర్చుని, అరచేతిలో ఇసుక పరిచి చూసుకుంటూ ఉండిపోయింది.

"ఇంత దూరం వచ్చి నీళ్లు చూడవేందీ?" అన్నాడతను.

"నీళ్లు యాడికి పోతాయ్, ఉండు."

తిరిగొచ్చాక పక్కింటి శ్రీలత అడిగింది. "సముద్రం ఎట్లుండాదక్కా?"

హమీదాబీ జల్లెడ ఆపకుండానే చెప్పింది. "బాగానే ఉండాది గానీ, ఇసకనే ఎవురూ జల్లించినట్టు లేదు."