బావాబావమరుదులకు ఒకే శాలువా

అరవైల చివర్లో విజయనగరంలో ఆర్కిటెక్టు అంటే ఏమిటో చాలామందికి తెలియదు. అలాంటి రోజుల్లో మా వీధిగదిలో చెరో బల్ల వేసుకుని ఇద్దరు ఆర్కిటెక్టులు పనిచేసేవారు. ఒకరు మా ఆయన, రెండోవాడు మా అన్నయ్య. ఇద్దరూ మద్రాసులో కలిసి చదువుకుని, కలిసే తిరిగొచ్చేశారు. మా ఆయన నాకు మేనత్త కొడుకు. అందుచేత ఆ చదువుకన్నా ముందునుంచే వాళ్ళిద్దరూ ఒకరికొకరు బావలు. పనిమీద వచ్చినవాళ్ళు మాత్రం "ప్లాను గీసే బాబులున్నారా అమ్మా" అని అడిగేవారు.

మా అత్త, అంటే ఆ మేనత్తే, అరుగుమీంచి జవాబు చెప్పేది. "ఉన్నారు. దెబ్బలాడుకుంటన్నారు. అయిపోయేదాకా కూకోండి."

ఆవిడ చెప్పిన దెబ్బలాట ఎప్పుడూ ఏ మెట్లు ఎటు తిరగాలి, గాలి ఎటునుంచి రావాలి అనే సంగతులమీదే. గొంతులు వంటింటిదాకా వినిపించేవి. భోజనాల వేళకి అంతా మరిచిపోయి, ఒకడి కంచంలో వడియాలు ఇంకొకడు తీసుకు తినేవాడు.

ఇళ్ళ ప్లాన్లు గీసేవాళ్ళూ కట్టించేవాళ్ళూ కలిసి మా వైపు ఒక సంఘం పెట్టుకున్నారు. సొంత లాభం చూసుకోకుండా ఊరికోసం, తోటివాళ్ళకోసం పాటుపడిన ఆర్కిటెక్టు ఒకరికి ఏటా శాలువా కప్పి, చెక్కమీద బిగించిన ఇత్తడి రేకు ఇచ్చేవారు. ఆ ఏడు వాళ్ళ చూపు మా వీధిగదిమీద పడింది. చిక్కల్లా ఆ గదిలో ఇద్దరుండడమే.

పొందూరులో నూలు వడికే ఆడవాళ్ళు కలిసి కూర్చోవడానికి అన్నయ్య ఒక షెడ్డుకి ప్లాను గీశాడు. గీసి ఊరుకోలేదు, ఆదివారాలు బస్సెక్కి వెళ్ళి దగ్గరుండి కట్టించాడు. మా ఆయన సాయంత్రాలు తాపీమేస్త్రీలను కూర్చోబెట్టి ప్లాను చదవడం నేర్పేవాడు. ఎడమొహం పెడమొహంగా ఉండే ఇంజినీర్లనీ ఆర్కిటెక్టులనీ ఒక్క సంఘంలోకి తెచ్చింది కూడా ఆయనే. ఎవరు ఎక్కువ అంటే చెప్పడం కష్టం.

సంఘం ప్రెసిడెంటు గారిది బొబ్బిలి వైపు. పెద్దవాడు, మా ఇంటికి చాలా కాలంగా తెలిసినవాడు. ఒక రోజు పొద్దున్న, మగవాళ్ళిద్దరూ లేని వేళ చూసుకుని వచ్చాడు. కాఫీ ఇచ్చాను. గ్లాసు చేత్తో పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"అమ్మా, నాకు మతి పోతన్నాది. మొన్న మీ ఆయన మాయింటికొచ్చి, నాకొద్దు, మా బావకే ఇవ్వండన్నాడు. ఆయన అటెల్లాడో లేదో మీ అన్నొచ్చి, నాకొద్దు, మా బావకే ఇవ్వండన్నాడు. ఇప్పుడు నానేటి సెయ్యాలి?"

"ఇద్దర్నీ కూర్చోబెట్టి అడగండి బాబుగారూ."

"అడిగితే నా ముందే దెబ్బలాడుకుంటారు. ఇద్దరూ నీవోళ్ళే. నువ్వొక మాట సెప్తే ఇంక ఎవులూ కాదనరు."

మా అత్త గుమ్మం దగ్గర కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. తలెత్తకుండానే అంది. "బాగున్నాది నీ పెద్దరికం. దాని మొగుడికీ అన్నకీ మజ్జిన దాన్ని నిలబెడతావేటి?"

"పోనీ నువ్వు సెప్పమ్మా."

"నా గతీ అంతే కదయ్యా. ఒకడు కొడుకు, ఒకడు మేనల్లుడు" అని పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అంతకు కొద్ది రోజుల ముందే అన్నయ్య నన్ను పొందూరు తీసుకెళ్ళాడు. ఆ షెడ్డులో ఒక ముసలావిడ రాట్నం ఆపి, దారం పైకెత్తి నాకు చూపించింది. "ఇంట్లో అయితే పట్టపగలే తడువుకునేదాన్ని తల్లీ. ఇక్కడ పొద్దుగూకేదాకా అగుపిస్తంది" అంది. ఆవిడ మొహంలో సంతోషం నా కళ్ళముందునుంచి పోలేదు. మా ఆయన మేస్త్రీలకి చేసింది చిన్న పని కాదు. కానీ ఆ నిమిషంలో నాకు మనసులో మెదిలింది ఆ దారమే.

"ఈ ఏటికి అన్నయ్యకివ్వండి" అన్నాను.

ప్రెసిడెంటు గారు చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, నేను మాట మార్చుకుంటానేమోనన్నట్టు గబగబా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనంలో మా ఆయనకి సంగతి చెప్పాను. అన్నయ్య ఆ పూట పనిమీద శ్రీకాకుళం వెళ్ళాడు. "మంచి పని చేశావు. వాడికే రావాలి" అన్నాడు మా ఆయన. అని, మజ్జిగ వద్దని లేచిపోయాడు. మజ్జిగ లేకుండా ఆయన భోజనం ముగించడం నేనెన్నడూ చూడలేదు. చెయ్యి కడుక్కునే చోటికి వెళ్ళి అడిగాను.

"నువ్వే కదా బావా, వాడికే ఇమ్మని చెప్పొచ్చావు?"

"నేనే చెప్పాను."

"మరి ఏటీ మొకం?"

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "వాళ్ళు ఇంత తొందరగా ఒప్పేసుకుంటారనుకోలేదే" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ముందు కోపంగా చూశాడు గానీ తరవాత ఆయనా నవ్వేశాడు. మళ్ళీ కంచం ముందు కూర్చుని మజ్జిగ పోయించుకున్నాడు. సాయంత్రం అన్నయ్య వచ్చేసరికి గుమ్మంలోనే ఎదురెళ్ళి, "ఇదిగో బావా, శాలువా కొట్టేశావు" అని వాడి వీపుమీద గట్టిగా చరిచాడు.

సభ ఒక హైస్కూలు హాల్లో పెట్టారు. పొందూరునుంచి షెడ్డులో వడికే ఆడవాళ్ళు కొందరు బస్సులో వచ్చారు. మా ఆయన దగ్గర ప్లాను చదవడం నేర్చుకున్న మేస్త్రీలు చలవ బట్టలు కట్టుకుని ఒక వరసంతా నిండిపోయారు. మా అత్తా నేనూ ఆడవాళ్ళ వైపు ముందు కూర్చున్నాం. అన్నయ్యకి శాలువా కప్పారు, ఇత్తడి రేకు చేతికిచ్చారు, రెండు మాటలు చెప్పమన్నారు. వాడికి సభల్లో మాట్లాడే అలవాటు లేదు.

"నేను ముందు గీసిన ప్లానులో కిటికీలు కిందికి పెట్టాను" అని మొదలెట్టాడు. "అలా కట్టుంటే గాలికి దూది ఏకులన్నీ ఎగిరిపోయేవి. పైకప్పు కింద, ఎత్తుగా, ఉత్తరం వైపు పెట్టమన్నది మా బావ. ఇది ఆయనకి రావలసిన శాలువా."

అందరూ మా ఆయన వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఆయన ఊరుకోవచ్చు కదా, లేచి నిలబడ్డాడు. "అధ్యక్షా, ఎత్తుగా పెట్టమన్న మాట నిజమే. ఉత్తరం వైపన్నది మా బావే. నేను తూర్పన్నాను."

"నువ్వు ఉత్తరమే అన్నావు" అన్నాడు స్టేజీమీంచి అన్నయ్య.

"తూర్పు."

"నాకు గుర్తులేదేటి బావా, ఉత్తరమే."

రోజూ మా వీధిగదిలో జరిగేదంతా ఊరి పెద్దలందరి ముందూ జరగడం మొదలైంది. మేస్త్రీల వరసలో నవ్వులు. ప్రెసిడెంటు గారు బల్లమీద గంట కొట్టాడు, వాళ్ళకి వినపడలేదు. అప్పుడు మా అత్త లేచింది.

"ఒరే, ఊళ్ళోవోళ్ళ కిటికీలు సాలు. మన వంటింట్లో పొగకి నాకూ నా కోడలికీ కళ్ళు పోతన్నాయి. ఇద్దరున్నారు, ఒక్క పొగ్గొట్టం ఎట్టలేరేటి?"

పొందూరు ఆడవాళ్ళ దగ్గర మొదలైన నవ్వు వెనక వరసలదాకా పాకింది. మా ఆయన కూర్చుండిపోయాడు. అన్నయ్య శాలువా సర్దుకుంటూ, "రేపే అత్తా" అన్నాడు. ప్రెసిడెంటు గారు అదను చూసుకుని వందన సమర్పణ చేసేశాడు.

మర్నాడు ఆదివారం. తెల్లవారేసరికి మేస్త్రీలు నలుగురైదుగురు ఎవరూ పిలవకుండానే తాపీలు పట్టుకుని వచ్చేశారు. "మా మేస్టారి ఇంట్లో పని మాది కాదేటి" అన్నారు. అన్నయ్య వంటింటి నేలమీద సుద్దముక్కతో గొట్టం బొమ్మ గీశాడు. మా ఆయన కాలితో చెరిపి పక్కన ఇంకొకటి గీశాడు. గోడ లోపలినుంచా, బయటినుంచా అని గంటసేపు తేలలేదు. అందులో పెద్ద మేస్త్రీ నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, ఈలోగా ఇటకలు తడుపుకోమంటారా" అని అడిగాడు. తడుపుకోమన్నాను.

చివరికి గోడలోంచే తీసుకెళ్ళారు. పెంకులు తప్పించి వాళ్ళిద్దరూ కప్పెక్కారు. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా మా పెరట్లో చేరారు. చీకటి పడకుండానే పని అయింది. తడి ఆరేదాకా పొయ్యి వెలిగించొద్దని అన్నయ్య చెప్పినా మా అత్త వినలేదు. నాలుగు చితుకులు వేసి అగ్గిపుల్ల గీసింది. పొగ ముందు కాస్త తటపటాయించి, తరవాత గొట్టంలోంచి పైకి పోయింది. కప్పుమీంచి ఇద్దరూ ఒకేసారి "వస్తన్నాది" అని అరిచారు.

అత్త పొయ్యి ముందే పీట వాల్చుకుని కూర్చుంది. ఆ పూట అందరికీ వంట తనే చేస్తానంది, నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఆవపెట్టిన పనసపొట్టు కూర, చారు. మేస్త్రీలతో కలిపి పెరట్లో బంతి వేశాం. నేను వడ్డిస్తుంటే అన్నయ్య, మా ఆయన పక్కపక్కనే కూర్చుని, చేతులకింకా సున్నం మరకలతోనే, పక్కింటివాళ్ళ వంటింటికి గొట్టం ఎటునుంచి తీస్తే బాగుంటుందో మాట్లాడుకుంటున్నారు. పక్కింటావిడ అప్పటికే అడిగేసింది మరి.