ఇంటికొక్క ఫోటో

సరోజన పుట్టింది మొర్రిపేటలో, మెట్టింది నిర్మల్‌లో. రెంటికీ నడుమ ఎడ్లబండి మీద ఒక పూట దారి. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ఆమె పెళ్లయింది. భర్త అంతయ్యది బొమ్మలకు రంగులు వేసే ఇల్లు. తాతముత్తాతలు పునికి కర్రతో పండ్లూ పిట్టలూ చెక్కి, వాటికి రంగులు పూసి బతికినవాళ్లు. అంతయ్యకు మాత్రం రోజంతా పీట మీద వంగి కూర్చోవడం నచ్చలేదు. హైదరాబాదులో ఒక ఫోటో దుకాణంలో కొన్నాళ్లు పని నేర్చుకుని వచ్చి, బజారులో ఒక గది తీసుకుని, మూడు కాళ్ల మీద నిలబడే పెద్ద కెమెరా పెట్టాడు. కొడుకు వదిలేసిన కుంచెను తల్లి భూమవ్వ కొత్త కోడలి చేతిలో పెట్టింది.

సరోజన చేయి మెత్తనిది. ఏడాది తిరక్కుండానే ఆమె వేసిన సీతాఫలాన్ని చూసి అత్త తలూపింది. ఆ రోజుల్లో పెళ్లి ఫోటోలు తీయించుకున్నవాళ్లు చీర ఎర్రగా కనపడాలని, పసుపు పసుపుగానే ఉండాలని అడిగేవాళ్లు. పుల్లకు దూది చుట్టి, పలుచని రంగులో ముంచి, నల్లటి ఫోటో మీద మెల్లగా అద్దే పని సరోజనది. అట్లా ఆమె దుకాణం వెనక గదిలో ఒక కిటికీ దగ్గర స్థిరపడిపోయింది.

ఒక ఎండాకాలం ఆమె అన్న కొమురెల్లి వచ్చాడు. మొర్రిపేట వాగుకు అడ్డంగా కట్ట కడుతున్నారని అంతకుముందే విన్నారు గానీ, నీళ్లు ఎంతవరకు వస్తాయో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇప్పుడు కొలతల అమీను వచ్చి రాళ్లు పాతి పోయాడు. ఊరు మొత్తం రాళ్లకు ఇవతల, నీళ్ల వైపే ఉంది. వచ్చే వానకాలానికి ఖాళీ చేయాలన్నారు. ఎత్తు మీద మొరం నేలలో కొత్త జాగాలు చూపించారు.

ఇదంతా చెప్పాక కొమురెల్లి అసలు మాటకొచ్చాడు. "బావా, ఊరోళ్లంత కూసొని ఒక మాట అనుకున్నరు. మునిగేలోపల ఊరిని ఫోటువ దియ్యాలె. ఇంటికొక్కటి. ఎవలకు ఏది పానమో గది."

అంతయ్య ఒప్పుకున్నాడు. ఫోటో పడే గాజు పలకలు సరిపడా తెప్పించడానికి కొన్ని రోజులు పట్టింది. పెట్టెలన్నీ బండి మీద గడ్డిలో పెట్టుకుని మొగుడూ పెళ్లాలు మొర్రిపేట చేరారు. ఊళ్లో అందరూ అంతయ్యను అల్లుడనే పిలిచేవాళ్లు, ఆ నాలుగు రోజులూ అల్లుడి మర్యాదే చేశారు.

ఎవరికి ఏది ప్రాణమో అడిగితే జనం వెంటనే చెప్పలేకపోయారు. గడపలో నిలబడి ఇంటిల్లిపాదీ తీయించుకుంటారని అంతయ్య అనుకున్నాడు. కొందరు అట్లాగే తీయించుకున్నారు, కొమురెల్లి కూడా. కానీ ఒకాయన తన పొలం గట్టున నీళ్ల బోదె పాయలయ్యే చోటు తీయమన్నాడు. చూస్తే అక్కడ బురద తప్ప ఏమీ లేదు. గౌండ్ల ఇంటివాళ్లు ఒక తాడిచెట్టు చూపించారు. అన్నదమ్ములిద్దరు దొడ్లో పాత ఎద్దును పాతిపెట్టిన జాగా దగ్గర తలగుడ్డలు తీసి నిలబడ్డారు. ఒక ముసలామె ఏదీ వద్దని, సంజెపూట పొగ మాత్రం తీయమని అడిగింది. ఇండ్లమీద పొగ లేచే వేళ దాకా ఆగి అంతయ్య అదీ తీశాడు.

చివరిది ఐలవ్వ ఇల్లు. ఆమె ఒంటరి మనిషి. మొగుడు అడవిలో పాము కరిచి పోయాడు. ఒక్క కొడుకు హనుమండ్లు ఎనిమిదేండ్ల వయసులో గత్తర రోగంతో పోయాడు. పిల్లవాడు పోకముందు ఒకనాడు పొయ్యి పక్కన ఎర్రటి జాజుమట్టి పూసిన గోడ మీద బొగ్గుతో ఎడ్లబండి గీశాడు. ఎద్దులు రెండు, కాళ్లు మాత్రం ఐదు. ఒక చక్రం పెద్దది, ఒకటి చిన్నది. బండి మీద ముక్కుపుల్లతో కూర్చున్నది ఐలవ్వ. వాడు చనిపోయాక ప్రతి పండుగకూ ఆమె ఇల్లంతా అలికేది, గోడలన్నిటికీ జాజు పూసేది, ఆ బండి చుట్టూ జానెడు వదిలి.

ఆమె కెమెరాను లోపలికి తీసుకుపోయి ఆ గోడ చూపించింది. అంతయ్య గుడ్డ కింద తల పెట్టి చూసి బయటికి వచ్చాడు. కిటికీ లేని ఇల్లు, తలుపు తీసినా ఆ మూలకు వెలుతురు అందదు. తన దగ్గర దీపాల సామాను లేదు. "చీకటున్నదత్తా. గిక్కడ రాదు" అన్నాడు.

ఐలవ్వ గోడ వంక, తర్వాత పైకి చూసింది. "పెంకలు దీస్తే వస్తదా?"

ఇంకా నెలరోజులు ఆమె ఆ ఇంట్లోనే ఉండాలి కదా అని సరోజన అన్నది. ఐలవ్వ వినలేదు. కొమురెల్లి నిచ్చెన తెచ్చాడు. తానెక్కుతానన్నా ఒప్పుకోక ఆమే ఎక్కింది. ఒక్కొక్క గూనపెంక తీసి కిందికి అందిస్తుంటే సరోజన అందుకుని గోడవారగా పేర్చింది. ఏళ్లనాటి మసి, దుమ్ము వాళ్ల తలల మీద పడ్డాయి. ముందు ఒక సన్నని ఎండ చార, తర్వాత చాపంత, తర్వాత మంచమంత వెలుగు దిగి పొయ్యి మీద, గోడ మీద పడింది. బండి కనిపించింది. దాన్ని అంత వెలుతురులో ఐలవ్వ కూడా ఎన్నడూ చూడలేదు. నిచ్చెన మీదే ఆగి, వాసం పట్టుకుని, ఫోటో తీయడం అయ్యేదాకా చూస్తూ ఉండిపోయింది.

ఊరంతటిలో మొదట కప్పు దించింది ఆ ఇంటికే. ఆ నెలరోజులూ ఐలవ్వ ఆకాశం కిందే వండుకుంది.

తిరుగు ప్రయాణంలో బండి అడవి దాటాక అంతయ్యకు గుర్తొచ్చింది. "నీకేం గావాల్నో అడగనే లేదు" అన్నాడు భార్యతో.

"అన్నోళ్ల ఇంటి ముంగట దీసిండ్రు గద" అన్నది సరోజన. ఆ ఊళ్లో ఇండ్ల లెక్కలో ఆమె లేదు. వాగుకు దిగే తోవలో ఒక మలుపు ఉంది, అక్కడ నిలబడితే ముందు నీళ్ల చప్పుడు వినిపిస్తుంది, ఆ తర్వాతే వాగు కనపడుతుంది. అది తీయమంటే బాగుండునని నాలుగు రోజులూ అనుకుంది గానీ నోరు రాలేదు. పలకలు కూడా అయిపోయాయి.

ఆ ఎండాకాలం నిర్మల్ బావుల్లో నీళ్లు అడుగంటాయి. ఫోటోలు మందులో ముంచాక పారే నీళ్లలో చాలాసేపు కడగాలి. పారే నీళ్లెక్కడివి? సరోజన దూరపు బావి నుంచి మోసుకొచ్చిన బిందెలతోనే అన్నీ కడిగారు. ఊరివాళ్లు చెదిరిపోకముందే అందించాలని అంతయ్య తొందరపడ్డాడు. ఫోటోలు మాత్రం చక్కగా వచ్చాయి. తన చేతి పని చూసి తనే మురిసిపోయాడు.

వానలు పడ్డాయి, నీళ్లు వచ్చాయి. దసరాకు సరోజన కొత్త మొర్రిపేటకు పోయింది. మొరం నేల మీద గీత గీసినట్టు రెండు వరసల గుడిసెలు. ఏ చెట్టు నీడా లేదు. సద్దుల బతుకమ్మ మరునాడు ఎవరు పిలిచారో గానీ, అందరూ తమ తమ ఫోటోలు పట్టుకుని ఒక పందిరి కిందికి వచ్చారు. నులకమంచాల మీద వాటిని పరిచారు. ఒకరిది ఒకరు చూడటం మొదలయ్యాక ఎవరూ లేవలేదు. తాడిచెట్టు ఫోటోలో వెనక ఎవరిదో బర్రె ఉంది, ఆ బర్రె తనదేనని ఒకాయన వేలు పెట్టి చూపించాడు. పొగ ఫోటోలో ఏ పొగ ఎవరి ఇంటిదో ఆడవాళ్లు పోల్చుకున్నారు. సరోజన ఒక్కొక్క ఫోటో మూలలన్నీ వెతికింది. వాగు తోవ దేంట్లోనూ లేదు.

ఐలవ్వ తన ఫోటోను మంచం మీద పెట్టలేదు. ఒళ్లో పెట్టుకుని, వచ్చినవాళ్లకు చూపింది. పిల్లలు ఎద్దు కాళ్లు లెక్కపెట్టి నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆ తర్వాత రెండు మూడేళ్లు మొర్రిపేటవాళ్లు సంతకు వచ్చినప్పుడల్లా ఫోటోలకు రంగులు వేయించుకుపోయేవాళ్లు. తలుపు ఆకుపచ్చదని మొగుడంటే కాదు నీలమని పెళ్లాం అనేది. సరోజనకు గుర్తున్నది గుర్తున్నట్టు, లేనిది వాళ్లు చెప్పినట్టు వేసింది. ఐలవ్వ వచ్చి గోడకు జాజు రంగు వేయమన్నది. బండి బొగ్గుతో గీసింది కాబట్టి నలుపు నలుపుగానే ఉంది, దాన్ని ముట్టుకోవద్దన్నది. గోడ మీద పొలం మట్టిలో కలిపిన జాజు ఎంత ఎరుపుండేదో ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని మెల్లగా తేల్చుకున్నారు. దూదిని సన్నగా చుట్టి, బొగ్గు గీతలకు తగలకుండా సరోజన ఒక పూటంతా ఆ గోడకు జాజు పూసింది. ఐలవ్వ బజారులోనే దానికి చెక్కపటం కట్టించుకుని పోయింది.

మసకబారడం ఎప్పుడు మొదలైందో తెలియదు. మొదట ఒకరు వచ్చి ఫోటో పసుపెక్కిందన్నారు. గుడిసెలో పొగవల్ల కావచ్చన్నాడు అంతయ్య. తర్వాత ఇంకొకరు వచ్చారు. మనుషుల మొహాలు పోతున్నాయి. తాడిచెట్టు గీతలా మిగిలింది. అంతయ్య ఆ ఫోటోలను ఎండలో పెట్టి, వాసన చూసి, వెనక్కి తిప్పి చూసి, అరుగు మీద కూర్చుండిపోయాడు. కడగడం సరిపోలేదు. మందు కాగితంలోనే ఉండిపోయి లోపల్లోపల తినేసింది. ఫోటోలు మళ్లీ అచ్చు వేద్దామంటే ఆ గాజు పలకలు లేవు. వాటిని గీకి కడిగి, దేవుళ్ల పటాలకు అద్దాలుగా ఏనాడో అమ్మేశాడు. అన్ని దుకాణాల్లోనూ అదే చేసేవాళ్లు.

రంగులు మాత్రం పోలేదు. అవి సరోజన పైన అద్దినవి. మనిషి పోయి చీర మిగిలింది. గడప పోయి తలుపు రంగు మిగిలింది.

వానలు లేని ఒక కరువేడు ఐలవ్వ వచ్చింది. నెత్తిన ఎండ, కాళ్లకు దుమ్ము. చెక్కపటంలోంచి విప్పి కొంగులో తెచ్చిన ఫోటోను సరోజన ముందు పెట్టింది. గోడ చక్కగా, ఎర్రగా ఉంది. నడుమ జాజు తగలని చోట తెల్లటి సందులు. వాటిలో బండి లేదు. చక్రం ఉండాల్సిన చోట వంపు తిరిగిన ఒక మసక, అంతే.

సరోజన లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చింది. తర్వాత తనే అన్నది, "నాకు యాదికున్నదవ్వా. మల్ల గీస్త."

ఐలవ్వ వద్దనలేదు.

సరోజన సన్నకుంచె తీసుకుంది. బండి తనకు కండ్లకు కట్టినట్టే ఉంది. పెద్ద చక్రం, చిన్న చక్రం, ఐదు కాళ్లు. మొదట ఒక చిత్తు కాగితం మీద వేసింది. ఎద్దు మూపురం దానంతటదే తీరుగా వచ్చింది. అది వాడి ఎద్దు కాదు. ఇంకోటి వేసింది. చక్రం వంకరగా రావాలని చేయి బిగపట్టి తిప్పితే, వంకర కూడా అందంగానే వచ్చింది. ఎడమచేత్తో వేసింది. అది వణుకు తప్ప పిల్లవాడి గీత కాలేదు. ఇన్నేళ్లు పండ్లూ పిట్టలూ దిద్దిన చేయి, దానికి రాకపోవడం అనేది చేతకాలేదు. చివరికి అన్నిట్లోకి దగ్గరగా ఉన్నదాన్ని చూసుకుని, ఊపిరి బిగబట్టి ఫోటో మీద గీసింది.

ఐలవ్వ రెండు చేతుల్లో పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది.

"మంచిగున్నది బిడ్డా" అన్నది. ఫోటోను తిరిగి ఆమె చేతిలో పెట్టి, "మావోనికి గింత మంచిగ రాదు. తుడిచెయ్" అన్నది.

సరోజన దూది తడిపి తుడిచింది. నలుపుతో పాటు అంచున కొంచెం జాజు కూడా లేచిపోయింది. మళ్లీ పూస్తానంటే ఐలవ్వ వద్దని, ఆరేదాకా కూర్చుని, ఫోటోను కొంగులో చుట్టుకుంది. అన్నం తిని పొమ్మంటే బస్సు పోతుందన్నది. అరుగు మీద అంతయ్య తలెత్తలేదు. ఆమే ఆగి, "పోయొస్త అల్లుడా" అని దిగి వెళ్లింది.

ఆ తర్వాత ఐలవ్వ నిర్మల్ రాలేదు. మరుసటి చలికాలం పోయిందన్న కబురు ఆలస్యంగా అందింది. సరోజన పోయేసరికి దినాలు కూడా అయిపోయాయి. కొమురెల్లి ఇంట్లో గోడకు ఐలవ్వ తన ఫోటోకు కట్టించుకున్న చెక్కపటం వేలాడుతూ ఉంది. అందులో ఇప్పుడు రాజన్న దేవుని బొమ్మ ఉంది.

దానిలోని ఫోటో ఏమైందని అడిగింది.

"గది ఫోటువనా?" అన్నాడు కొమురెల్లి. "ఉత్త ఎర్ర కాయితం లెక్క ఉండె చెల్లె. పటం మంచిగున్నదని తెచ్చిన. కాయితం ఆడనే ఏడనో పడిపోయినట్టున్నది."

వదిన పిలిస్తే సరోజన లోపలికి పోయి చిక్కుడుకాయల ఈనెలు తీయడానికి కూర్చుంది. ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చేసింది. ఫోటోలకు రంగులు వేయడం ఆ ఏడాదితో మానేసింది. అత్త పీట దులిపి వేసుకుని, పునికి కర్ర సీతాఫలాలకు ఆకుపచ్చ పూయడం మళ్లీ మొదలుపెట్టింది.