గ్యాసు దాచే ఊరికి వెళ్లొచ్చాను

పద్మారావు నగర్‌లో మా చర్చి స్త్రీల సమాజం ఒక వంటశాల నడుపుతుంది. దగ్గర్లోని పెద్దాసుపత్రిలో రోగుల వెంట వచ్చి వరండాల్లో పడుకునేవాళ్లకు మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర పెడతాం. పంతులమ్మ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆ బాధ్యత నా మీద పడింది. నిరుడు పైపు గ్యాసు వచ్చింది. వచ్చిన వారానికే, పైపున్న చోట సిలిండర్లు ఉండకూడదు, తిరిగి ఇచ్చేయండి అన్నారు. గోడవారన వరసగా ఉండే నిండు సిలిండర్లు నాలుగూ సంతకం పెట్టి మరీ ఇచ్చేశాం.

ఈ ఏడాది ఎక్కడో సముద్రంలో గ్యాసు తెచ్చే ఓడలు ఆగాయి. మా పొయ్యిలో మంట ముందు సన్నబడి, తర్వాత ఆరిపోయింది. గ్యాసు ఆఫీసుకు ఫోన్ చేస్తే, "మేడం, కంట్రీలోనే స్టోరేజ్ లేదు. వచ్చింది వచ్చినట్టు పంపుడే" అన్నాడు ఎవరో అబ్బాయి. నాకు ఒళ్లు మండింది. ఏడాదికి సరిపడా చింతపండూ కందిపప్పూ దాచుకునే ఇళ్లు మనవి. ఇంత దేశానికి గ్యాసు దాచుకునే జాడీ లేదా? లేనప్పుడు మా నాలుగు జాడీలూ ఎందుకు పట్టుకుపోయినట్టు? తొమ్మిది రోజులు మేడ మీద ఇటుకల పొయ్యితో నెట్టుకొచ్చాం. అందులో రెండు రోజులు వాన పడి అదీ లేదు. ఖాళీ గిన్నెలతో వెనక్కి పోతున్నవాళ్ల ముఖాలు చూడలేక లోపలికి వెళ్లిపోయాను.

పదో రోజు మంట తిరిగొచ్చింది. సరిగ్గా అప్పుడే పేపర్లో చిన్న ప్రకటన చూశాను. కోనసీమలో ఒక ఊరి కింద గ్యాసు తోడేసి వదిలేసిన పాత బావులున్నాయట. దొరికే రోజుల్లో వాటిలో గ్యాసు నింపి ఉంచి, కొరత రోజుల్లో తీసి వాడతారట. దాని మీద ఆ ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ, ఎవరైనా మాట్లాడవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకుంటున్నారు కదా, వెళ్లి గట్టిగా అడుగుదామనుకున్నాను.

బుధవారం పొద్దున ఏడింటికి సికింద్రాబాద్‌లో బండెక్కాను. కూర్చునే టికెట్టే, నాలుగు రోజుల ముందు తీసుకుంటే కిటికీ పక్క దొరికింది. ఎదుటి సీట్లో బోయిగూడ కట్టెల అడితిలో పనిచేసే పెద్దాయన. నా ప్రయాణం సంగతి విని నవ్వాడు.

"గ్యాస్ బందైతే మా కట్టెలకు మస్తు గిరాకీ అయిందమ్మా. జెర మెల్లగ మాట్లాడుండ్రి ఆడ. మా గిరాకీ ఖరాబ్ చేస్తరేమో!"

కాజీపేటలో టీ బాగుంది. విజయవాడలో కొన్న పులిహోర పొట్లంలో ఉప్పెక్కువ. రాజమండ్రిలో దిగేసరికి మూడు దాటింది. అక్కణ్నుంచి అమలాపురానికి బస్సులో రెండు గంటల పైనే పట్టింది. బస్టాండు దగ్గర లాడ్జిలో గది ఆరువందలు. దోమతెర ఇస్తారు, వేడినీళ్లు మాత్రం ఆరు నుంచి ఏడు వరకే.

మర్నాడు పదింటికల్లా ఆటోలో ఆ ఊరు చేరాను. బడి ఆవరణలో షామియానా, అద్దె కుర్చీలు. పదకొండుకు మొదలవుతుందన్న సభకు పన్నెండైనా అధికారుల జాడ లేదు. నా సీసాలో నీళ్లయిపోయాయి. పక్క కుర్చీలో ఉన్నామె పేరు మంగమ్మ, కూలిపని చేసుకునే మనిషి. "రండి టీచరుగారండి, ఇల్లిక్కడే. మజ్జిగ తాగి వద్దురుగాని" అని వెంటబెట్టుకుపోయింది.

ఆమె గుమ్మానికి పదడుగుల్లో పసుపు రంగు రాయి పాతి ఉంది. కింద గ్యాసు పైపు ఉంది, తవ్వరాదు అని దాని మీద రాశారు. గుమ్మం లోపల మట్టి పొయ్యి, పక్కనే ఎండు కొబ్బరి మట్టల మోపు.

"మీకు పైపు గ్యాసు లేదా?" అన్నాను.

"ఆయ్, ఉందండి. మా ఇంటిముందు నుంచే ఎల్తాది. మా ఇంట్లోకే రాదు."

నా వంటశాల గురించి చెప్పాను. "అయ్యో, తొమ్మిది రోజులాండి!" అని నిజంగానే బాధపడింది. తర్వాత గ్లాసు నా చేతికిస్తూ అంది:

"ఇక్కడా ఆరతాయండి పొయ్యిలు. లైను లీకైందంటే మైకులో చెప్తారు, ఎవరూ అగ్గిపుల్ల గియ్యొద్దని. మొన్న వానల్లో రెండ్రోజులు పిల్లలకి అటుకులే పెట్టానండి. గ్యాసు మాది కాదు, పస్తు మాత్రం మాదండి."

జాడీ లేదని అంత దూరం నుంచి కోపంగా వచ్చినదాన్ని, ఆ జాడీ ఎవరి ఇంటి కింద పెడుతున్నారో ఒక్కసారైనా ఆలోచించలేదు. చాలా సిగ్గేసింది.

"సభలో ఏం చెబుతావమ్మా?"

"ముందు మా పొయ్యి ఎలిగించండి, ఆనక మీ గ్యాసు దాచుకోండి అంటానండి. లీకైతే మాకు దిక్కెవరో కాయితం మీద రాసిమ్మంటాను. అంతేనండి."

ఒంటిగంటకు కార్లొచ్చాయి. పెద్ద అధికారి అరగంట సేపు తెర మీది బొమ్మలు చూపిస్తూ ఇంగ్లీషులో చదివాడు. ముందు వరస పిల్లలకి తప్ప ఎవరికీ తెర కనపడలేదు. తర్వాత మనిషికి రెండు నిమిషాలు. మంగమ్మ ఇంట్లో నాతో అన్న రెండు మాటలే చెప్పింది. రిజిస్టరు రాసే గుమస్తా తలెత్తకుండా, "అనుకూలమా, వ్యతిరేకమా?" అన్నాడు.

"ముందు మా పొయ్యి ఎలిగించి..."

"వ్యతిరేకం" అని రాసేసుకున్నాడు.

నా వంతు వచ్చింది. నిల్వ కావాలి, అది లేకే మా వంటశాల ఆగిపోయింది అన్నాను. అయితే ముందు ఈ ఊరి పొయ్యిలకు గ్యాసివ్వండి, ప్రమాదం వస్తే బాధ్యత ఎవరిదో రాసివ్వండి, ఆ తర్వాతే నింపండి అన్నాను.

"ఏ ఊరు?"

"సికింద్రాబాద్."

"నిల్వ కావాలన్నారుగా. అనుకూలం."

"నేను మంగమ్మ చెప్పిందే చెప్పానండీ!"

"రెండే గళ్లున్నాయండి. మూడోది లేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లలు రాసింది చదవకుండా నేను మార్కులేసి ఉంటే ఏనాడో నా ఉద్యోగం ఊడేది అన్నాను. ఆ మాట మధ్యలోనే మైకు ఆగిపోయింది. నా వెనక ఇంకా ముప్పై మంది నిలబడి ఉన్నారు. వాళ్ల మాటలూ ఆ రెండు గళ్లలోనే పడ్డాయి.

సాయంత్రం బస్సు, రాత్రి రైలు. బెర్తు దొరికినా కోపంతో నిద్ర పట్టలేదు. తెల్లవారి ఐదున్నరకు సికింద్రాబాద్‌లో దిగి, ఆటోలో తిన్నగా వంటశాలకే వెళ్లాను. మా వంటామె యాదమ్మ బియ్యం కడుగుతోంది.

"గ్యాస్ మంచిగనే వస్తుంది టీచరమ్మా. పోయిన పని అయిందా?"

జరిగిందంతా చెప్పాను.

"ఏందీ గిట్ల? ఇద్దరు ఒక్కటే మాట చెప్పిండ్రు కద. ఒకామెది అటు, ఒకామెది ఇటు ఎట్లయితది?"

యాదమ్మ బడికి పోలేదు. గుమస్తాకు అర్థం కానిది ఆమెకు అర్థమైంది.

మీలో ఎవరైనా అలాంటి సభకు వెళితే రెండు సీసాల నీళ్లు పట్టుకెళ్లండి. మైకును నమ్మకండి. చెప్పదలచుకున్నది రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నేను ఆ పని చేయలేదు కాబట్టి ఆ పెద్ద అధికారికి ఉత్తరం రాసి, నిన్న రిజిస్టరు పోస్టులో పంపాను. అనుకూలం గడిలోంచి నా పేరు కొట్టేయమని అడిగాను. మా వంటశాలకు గ్యాసు కావాలి, దేశానికి నిల్వ కావాలి, ఆ మాట వెనక్కి తీసుకోలేదు. కానీ ఉత్తరంలో మొదటి వాక్యం మంగమ్మదే: ముందు మా పొయ్యి వెలిగించండి, ఆనక మీ గ్యాసు దాచుకోండి.